పొయ్యి త్రాగించిన పొగ

“మీకు పొగ త్రాగే అలవాటున్నదా అమ్మా?” అని వైద్యుడు మా తల్లిని ప్రశ్నించెను. ఇది 2000వ సంవత్సరపు మాట. అప్పటి కామెకు డెబ్బదియొక యేండ్లు. చుట్టగాని బీడీగాని చేతితో ముట్టి యెరుగదు. మా తండ్రిగారు అరుగుమీద చుట్ట కాల్చునప్పుడు ముక్కునకు కొంగడ్డము పెట్టుకొని లోనికి పోవునట్టి మనిషి. ఆ ప్రశ్న విని యామె నవ్వెను. నవ్వుతో దగ్గు పుట్టెను. దగ్గుతో ఆయాసము వచ్చెను. కొంతసేపటికి ఊపిరి కూడదీసికొని యామె చెప్పిన సమాధాన మిది: “నేను తాగలేదు బాబూ. పొయ్యి తాగించింది.”

వైద్యుడు నవ్వలేదు. ఏ వంటచెరకు వాడితిరి, ఎన్నియేండ్లు వాడితిరి, వంటింటికి పొగగొట్టము కలదా, దినమునకు పొయ్యి ముందు ఎన్ని గంటలు కూర్చుండెడివారు అని వరుసగా అడుగుచు కాగితముమీద వ్రాసికొన నారంభించెను. కడపటి ప్రశ్న అడుగుచు నావంక చూచెను. నేను అప్పటికి ఇరువదియేడేండ్లుగా బడిలో లెక్కలు చెప్పుచున్నవాడను. నా తల్లి దినమునకు ఎన్ని గంటలు పొగలో కూర్చుండెనో చెప్పలేక తల వంచుకొంటిని.

ఆ రాత్రి ఇంటికి వచ్చి లెక్క వేసితిని. ఆమె మా యింటికి కాపురమునకు వచ్చినది 1943లో, పదునాలుగవ యేట. మోకాళ్ల నొప్పులచేత పొయ్యి ముందు కూర్చుండుట మానినది 1998లో. నడుమ ఏబదియైదేండ్లు. తెల్లవారుజామున నీళ్లకాగు మొదలు రాత్రి అన్నము వార్చువరకు దినమునకు అయిదు గంటలని వేసికొంటిని. ఇది తక్కువ లెక్కయే. పుట్టింటికి పోయిన దినములను, జబ్బుపడిన దినములను తీసివేసినను, పండుగలకును తద్దినములకును పట్టిన అదనపు గంటలు వానిని పూడ్చివేయును. వచ్చిన మొత్తము 1,00,375 గంటలు. మా తల్లి ఒకప్పుడు లక్షవత్తుల నోము నోచెను. ఆ వత్తులకు పట్టిన నెలలును, పేరంటమునకు వచ్చిన ముత్తైదువులును మా యింట అందరికి జ్ఞాపకమే. ఈ లక్షగంటల నోమును మాత్రము ఎవరును ఎంచలేదు. దాని ఉద్యాపనము ఆసుపత్రిలో జరిగినది.

మాది కృష్ణా డెల్టాలోని యొక పల్లె. మా వంటింటికి ఒక తలుపు, అరచేతి వెడల్పు గవాక్షము, పైన తాటాకు కప్పు. దూలములు మసిబారి నిగనిగలాడెడివి. ఎండకాలములో కందికంపయు తుమ్మకట్టెయు, వానకాలములో తడిసిన తాటిమట్టలును పిడకలును పొయ్యిలోనికి పోయెడివి. పెరటిదాలిలో పిడకలు రోజంతయు కనలుచుండెడివి. తడిమట్ట అంటుకొనదు. ఊదుగొట్టమును నోట బెట్టుకొని, చెంపలు పొంగించి, మా తల్లి ఊదుచుండెడిది. ఊదినవారు మరల ఊపిరి పీల్చుకొనవలె గదా! పీల్చినప్పుడు లోనికి పోవునది పొగయే. కన్నీరు కొంగుతో తుడుచుకొని మరల ఊదెడిది. ఆ కన్నీటిని మేము కన్నీరని యెంచలేదు. వంట చేయువారి కన్నులు అట్లే యుండునని యనుకొంటిమి.

పొగయనగా మాకు భయము లేదు సరిగదా, గౌరవము. పొద్దుగూకి పొలమునుండి వచ్చువారికి ఇంటికప్పు మీద పొగ కనబడినచో ఇల్లు చల్లగా నున్నదని యర్థము. పొయ్యిలో పిల్లి లేవని యింటిని తలచి జాలిపడెడివారము. పొగ లేనిచోట భోజనము లేదు. కావున పొగయే భోజనమునకు చిహ్నమై మన్ననకు పాత్రమయ్యెను. ఆకలి యొక్క బాధ ఆ పూటకే తెలియును. పొగ యొక్క బాధ నలుబదియేండ్లకు గాని తెలియదు. ఒకపూటలో తెలియుదానిని గురించి మన పెద్దలు సామెతలు కట్టిరి. నలుబదియేండ్లకు తెలియుదానికి సామెత లేదు.

1986లో మా యింటికి గ్యాసుపొయ్యి వచ్చినది. నా జీతముతో నేనే తెప్పించితిని. అమ్మ కష్టము తీర్చిన కుమారుడనని బంధువులలో నాకు మంచి పేరు వచ్చినది. కాని ఆ పొయ్యి కాఫీకిని, వేళగాని వేళ వచ్చిన చుట్టములకును మాత్రమే వెలిగెడిది. గ్యాసుబండ ఇతరుల యిండ్లలో రెండు నెలలు వచ్చిన, మా యింట ఆరు నెలలు వచ్చుచున్నదని మేము గర్వించెడివారము. తక్కిన వంటయంతయు కట్టెలమీదనే. దీనికి కారణము మా తల్లి మూఢత్వమని చాలకాలము చెప్పుకొంటిని. నిజము వేరు. “గ్యాసుమీద కాచిన పాలకు ఆ ఎర్రమీగడ ఏదీ? దాలిపాల రుచే రుచి” అని నేను విస్తరిముందు కూర్చుండి యనెడివాడను. ఆ మాట విని యామె పొంగిపోయెడిది. మరునాడు మరల దాలిలో పిడకలు పేర్చెడిది. రుచి నాది, వెల యామెది. స్త్రీవిద్యను గురించి, బాల్యవివాహములను గురించి సభలలో మాటలాడిన నేను పండ్రెండేండ్లు ఈ చిన్న అన్యాయమును మూడుపూటల భుజించితిని.

వైద్యుడు ఆమె జబ్బునకు చెప్పిన పేరు దీర్ఘకాలిక శ్వాసనాళ అవరోధవ్యాధి. ఊపిరినాళములు ఏండ్ల తరబడి వాచి, ఇరుకై, లోనికి పోయిన గాలి వెలుపలికి రాలేకపోవుట. ఇది సాధారణముగా పొగాకు కాల్చువారి వ్యాధియని లోకము తలచును. వైద్యుడు చెప్పినదేమనగా, ఊపిరితిత్తులకు పొగాకు పొగ, పిడక పొగ అను కులభేదము లేదు.

ఆ మాట పట్టుకొని నేను ఈ విషయమును చదువ నారంభించితిని. ఇరువదియైదేండ్లుగా చదువుచునే యున్నాను. అందలి ముఖ్యాంశములను గృహస్థులకు తెలియునట్లు విన్నవించెదను.

ధూళియనగా మనకు కంట పడునది, పైపంచెతో దులుపుకొనదగినది. అది మోటుధూళి. ముక్కులోని వెండ్రుకలును, గొంతులోని తేమయు దానిలో చాలభాగమును ఆపును. మీటరులో పదిలక్షలవ వంతునకు మైక్రోమీటరని పేరు. పది మైక్రోమీటరులకు మించని కణములు శ్వాసనాళములలోనికి దిగగలవు. రెండున్నర మైక్రోమీటరులకు మించనివి, అనగా తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు గలవి, ఊపిరితిత్తుల కొసనున్న గాలితిత్తులదాక పోవును. వీనినే శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అనుచున్నారు. వానిలోను అతి సూక్ష్మములైనవి నెత్తురులో ప్రవేశింపగలవు. కట్టె, పిడక, బొగ్గు, డీజిలు, చెత్త, పంటదుబ్బు, ఏది కాలినను ఇవి పుట్టును. కాలినచోట పుట్టినవి చాలక, పొగలోని వాయువులు గాలిలో కలిసి మార్పుచెంది మరికొన్ని కణములగును. అవి దినముల తరబడి గాలిలో తేలుచు వందలమైళ్లు పోగలవు. కనుకనే పొగ కంటికి కనబడనిచోట గాలి శుభ్రముగా నున్నదనుట పొరబాటు.

లోనికి చేరిన కణములను శరీరము శత్రువులుగా నెంచి పోరాడును. ఒకనాటి పోరాటము ఒక జలుబువంటిది, తీరిపోవును. ప్రతిదినము జరుగు పోరాటము ఇంటినే పాడుచేయును. రక్తనాళముల గోడలు మందమగును, లోన కొవ్వు పేరును, నెత్తురు గడ్డకట్టు స్వభావము హెచ్చును. కావున పొగవలన కలుగు మరణములలో చాలభాగము ఊపిరితిత్తుల పేరున గాక, గుండెపోటు పేరున, పక్షవాతము పేరున జరుగుచున్నవి. గర్భిణి పీల్చినచో శిశువు తక్కువ తూకముతో పుట్టును. పసిబిడ్డలకు న్యుమోనియా వచ్చును. బయటిగాలి కాలుష్యమును, అందలి సూక్ష్మధూళిని కాన్సరు కలిగించువానిలో మొదటి తరగతిలో చేర్చుచు ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనశాఖ 2013లో ప్రకటించినది.

ఇట్టి నిదానపు విషమును కనిపెట్టుటకు నిదానముగా లెక్కించువారు కావలెను. అమెరికాలో ఆరు పట్టణములకు చెందిన 8,111 మంది పెద్దలను పదునాలుగు మొదలు పదునారేండ్లవరకు కనిపెట్టి చూచి 1993లో ఫలితము ప్రకటించిరి. పొగాకు మొదలైన ఇతర కారణములను తీసివేసి చూచినను, సూక్ష్మధూళి మిక్కిలి హెచ్చుగా నున్న పట్టణములో మరణపు రేటు మిక్కిలి తక్కువగా నున్న పట్టణము కంటె నూటికి ఇరువదియారు వంతులు హెచ్చుగా నుండెను. ఆ పట్టణవాసులలో ఏయొక్కరికిని ఏదియొక దినమున తాము విషము పీల్చితిమని తోచియుండదు.

ఇక మన దేశము. ఘనమీటరు గాలిలో సంవత్సర సగటున ఐదు మైక్రోగ్రాములకు మించి ఈ సూక్ష్మధూళి యుండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో హద్దు పెట్టెను. మన ప్రభుత్వము 2009లో పెట్టుకొన్న హద్దు నలుబది, అనగా దానికి ఎనిమిది రెట్లు. 2009 మొదలు 2019 వరకు మన దేశమందలి 655 జిల్లాల మరణముల లెక్కలను గాలిలోని ధూళి లెక్కలతో జోడించి చూచిన పరిశోధన యొకటి 2024 డిసెంబరులో వెలువడినది. అందులో తేలినది: పది మైక్రోగ్రాములు పెరిగినచోట మరణములు నూటికి ఎనిమిదిన్నరకు పైగా పెరిగినవి. ఐదు మైక్రోగ్రాముల హద్దునకు లోబడి యున్న జిల్లా దేశములో ఒక్కటియు లేదు. అరుణాచల ప్రదేశములోని దిగువ సుబన్‌సిరి జిల్లాయే అన్నిటికంటె మేలు. అక్కడను 2019లో 11.2. ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దుతో పోల్చినచో సంవత్సరమునకు సుమారు 15 లక్షల మరణములకు ఈ ధూళితో సంబంధము కలదని వారి యంచనా.

ఢిల్లీ శీతకాలపు పటములను పత్రికలలో చూచి, ఇది ఉత్తరదేశపు బాధ, మనది కాదని మనలో చాలమంది నిశ్చింతగా నున్నారు. హైదరాబాదునకు దక్షిణమున, నగరపు టంచులనున్న 28 పల్లెలలో అక్కడి జాతీయ పోషకాహార సంస్థవారును, స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులును కలిసి యొక పరిశోధన జరిపిరి. అక్కడి సంవత్సర సగటు ధూళి సుమారు 33 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వపు హద్దులోపలనే! అయినను, ధూళి యెక్కువ పీల్చినవారిలో మెడలోని రక్తనాళపు గోడ మందము ఎక్కువగా నుండుట 2019లోను, ఎముకలలో సారము తక్కువగా నుండుట 2020లోను ప్రకటితమయ్యెను. వరిచేల నడుమ, చెట్లనీడను బ్రదుకువారి మాట ఇది. పల్లెగాలి అమృతమని పాడుకొనుటకు ముందు ఒకసారి కొలిచి చూచుట మేలు.

ఈ మాటలు చెప్పినప్పుడెల్ల నాకెదురగు ప్రశ్న యొకటి కలదు. “మా నాయనమ్మ అదే పొగలో వండి తొంబదియేండ్లు బ్రదికినది. దీనికేమందురు?” అని. నేనును ఒకప్పు డిట్లే యంటిని. దీనికి లెక్కల ఉపాధ్యాయునిగా సమాధానము చెప్పెదను. తొంబదియేండ్లు బ్రదికిన నాయనమ్మ అరుగుమీద కూర్చుండి తన కథ తాను చెప్పుకొనును. ఏబదియవ యేట పోయిన నాయనమ్మ వచ్చి వాదింపదు. వాదమునకు వచ్చినవారిని మాత్రమే ఎంచి తీర్పు చెప్పుట న్యాయము కాదు. వాన కురిసిననాడు గొడుగు లేనివారందరికిని జ్వరము రాదు. అంతమాత్రమున తడియుట మేలని యెవరందురు?

మా తల్లి 2002లో కాలము చేసెను. మరణపత్రములో గుండె ఆగుట కారణమని వ్రాసిరి. అది అబద్ధము కాదు. ఎవరికైనను కడకు గుండె ఆగవలసినదే. ఆమె నీ పొగయే చంపినదని నేను న్యాయస్థానములో నిరూపింపలేను. ఈ హానియొక్క స్వభావమే యిది. పదివేలమందిని కలిపి చూచినప్పుడు పట్టపగలువలె కనబడును. ఒక్క మనిషిని విడదీసి చూచినప్పుడు మాయమగును. ఫలానివాడు ఫలానిదినమున చేసెనని చెప్పదగిన నేరమైనచో లోకము ఊరకుండదు. అందరును కలిసి ఏబదియేండ్లు చేసినదానికి మాత్రము ముద్దాయి యుండడు, సాక్షి యుండడు, సిగ్గుపడువాడును ఉండడు.

ఇంత చదివియు నేను బాగుపడితినా? ఆ సంగతియు చెప్పి తీరవలెను. ఉద్యోగము విరమించి విజయవాడ చెంత ఇల్లు కట్టుకొంటిమి. పెరటిలో ఒక మామిడి, ఒక బాదము. మార్గశిర పుష్యమాసములలో బాదము ఆకులు బుట్టలకొలది రాలును. తెల్లవారుజామున లేచి వానిని ఊడ్చి, కుప్పవేసి, నిప్పంటించి, ఆ మంటలో చేతులు కాచుకొనుట నా నిత్యకృత్యము. 2019 డిసెంబరులో ఒకనాడు ప్రక్కయింటి కోడలు గోడమీదుగా నన్ను పిలిచెను. “బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. ఆ ఆకులేవో కాస్త పొద్దెక్కాక తగలబెట్టుకుంటారా? పొద్దున్నే ఆ పొగకి మా బాబు ఎగశ్వాస పడుతున్నాడు” అనెను. ఆ పిల్లవానికి నాలుగేండ్లు. ఉబ్బసమునకు మందు పీల్చుచున్నాడని నాకు తెలియును.

ఆమె నన్ను మానుమనలేదు. వేళ మార్చుకొనుమని మాత్రమే, అదియును క్షమాపణ చెప్పుకొనుచు, అడిగెను. నాకు కోపము వచ్చినది. “ఆకుల పొగేగదమ్మా, అది మందు. మా చిన్నతనములో ఈ పొగలోనే పెరిగాము” అంటిని. ఆమె మారుమాటాడక లోనికి పోయెను. మంట ముందు నిలిచియున్న నాకు నా మాటలు నాకే వినబడినవి. మా చిన్నతనములో పొగలో పెరిగినది మేము కాము. పొగలో కూర్చున్నది మా తల్లి. మేము వంటింటి బయట కూర్చుండి భోజనము చేసినవారము. ముప్పదియేండ్ల తరువాత మరల నేనే చలి కాచుకొనుచున్నాను, మరియొకరు దగ్గుచున్నారు.

ఆ పిల్లవాని తల్లి చెప్పిన వేళ సంగతియు నిజమే. శీతకాలపు తెల్లవారుజామున నేలనంటియున్న గాలి చల్లగాను, దానిపై గాలి వెచ్చగాను ఉండును. మీద మూతపెట్టిన కుండవలె పొగ పైకి పోక ఇండ్లమధ్యనే నిలిచియుండును. నేను ఏరికోరి ఎన్నుకొన్న వేళ కీడునకు మిక్కిలి అనుకూలమైన వేళ. నాటి సాయంకాలమే వారి యింటికి పోయి, “అమ్మాయీ, ఇక కాల్చను” అని చెప్పితిని. పెరటి మూల నాలుగడుగుల గొయ్యి తీయించితిని. ఆకులు దానిలో పడి, తడిపి మట్టి చల్లినచో, వానకాలమునకు నల్లని యెరువగుచున్నది. ఇంత సులభమైనదానిని పదియేండ్లు చేయకపోతినే యని సిగ్గుపడితిని.

వెంటనే వీధికి ఉపన్యాసకుడనై నట్లు తలపకుడు. 2020 భోగినాడు మా వీధిపిల్లలు మంటకు మూడు పాతటైర్లు దొర్లించుకొని వచ్చిరి. భోగి పిడకలకును, మొద్దులకును ఏర్పడిన పండుగ గాని రబ్బరునకు గాదని చెప్పితిని. “మాస్టారికి చాదస్తం” అని ఒకడు నవ్వెను. రెండు టైర్లు వెనుకకు పోయినవి, ఒకటి కాలినది. మరుసటియేడు ఒకటియు రాలేదు. సంస్కారము ఈ విధముగానే నడచునేమో!

మన యిండ్లలో మరికొన్ని చిన్నపొయ్యిలు కలవు. రాత్రి తలుపులు బిగించి మంచముక్రింద వెలిగించు దోమల కాయిలు వానిలో నొకటి. ఒక కాయిలు కాలుటవలన వెలువడు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చెను. బిడ్డను దోమనుండి కాపాడు తల్లి తెలియక చేయు పని యిది. దోమతెర వెల యెక్కువ కాదు. అది ఏండ్ల తరబడి పనికివచ్చును. సాంబ్రాణి వేయుచో కిటికీ తెరచి వేయవచ్చును. దేవునికి ఇరుకుగదిలోని పొగయే ప్రీతియని ఏ శాస్త్రమును చెప్పినట్లు నేనెరుగను.

అయితే ఇంటిని దిద్దుకొన్నంతమాత్రమున గాలి బాగుపడునా? బాగుపడదు. గాలికి ప్రహరీగోడలు లేవు. బొగ్గు కాల్చు విద్యుత్కేంద్రములు, ఇటుకబట్టీలు, లారీలు, కట్టడముల దుమ్ము, పంటదుబ్బులు, చెత్తకుప్పలు వీనిని గృహిణి చీపురుతో అదుపుచేయలేదు. అటులని ఇల్లు వేరు, దేశము వేరు అనియు చెప్పరాదు. 2015 నాటి లెక్కలపై జరిగిన యొక విశ్లేషణ 2018లో వెలువడినది. దేశమంతటి బయటిగాలిలోని సూక్ష్మధూళివలన కలుగు మరణములకు పెద్ద కారణములలో మొదటిది ఇండ్లలో కాలు కట్టెలు, పిడకలేనని అందు తేలినది. మా తల్లి ఊదిన పొగ గవాక్షము దాటి దేశపుగాలి యయ్యెను. దేశపుగాలి తలుపు దాటి మరియొక తల్లి ఊపిరి యయ్యెను.

చట్టములు లేకపోలేదు. వాయుకాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చినది. బహిరంగముగా చెత్త కాల్చుటను దేశమంతట నిషేధించి, కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తమున కాల్చినచో 25,000 రూపాయలు అపరాధము విధింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2016లో ఆదేశించినది. 2019లో జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము ఆరంభమైనది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము, గుంటూరు మొదలైన మన పట్టణములును అందున్నవి. చట్టము చెత్త కాల్చవలదనును. బండి రాని వీధిలో, తెల్లవారక ముందే వీధి శుభ్రము కావలెనని గద్దింపబడిన పాకీపనివాడు అగ్గిపుల్ల గీయును. అపరాధ మెవరిది? అతడు పొగలో నిలిచి పీల్చును, మనము కిటికీ మూసికొని అతనిని తిట్టుదుము.

వంటగ్యాసు కథయు ఇట్టిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో దీపము పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును పేద స్త్రీల చేతికి గ్యాసుపొయ్యి నిచ్చినవి. ఇది గొప్ప మేలు. ఇంటిపొగవలన కలుగు మరణముల రేటు 1990 మొదలు 2019 నాటికి మన దేశములో నూటికి అరువదినాలుగు వంతులు తగ్గినది. సంస్కరణ ఫలింపదనువారికి ఇది సమాధానము. కాని అదే కాలములో బయటిగాలి ధూళివలన మరణముల రేటు రెట్టింపునకు మించినది. మొదటిబండ ఊరక వచ్చినను రెండవబండకు డబ్బు కావలెను. డబ్బు ఎవరి చేతిలో నున్నది? మా యింట డబ్బు లేక కాదు బండ ఆరునెలలు వచ్చినది. ఆ బండను పొదుపుచేసినది నా తల్లి ఊపిరితిత్తులతో.

1952 డిసెంబరులో లండను నగరమును బొగ్గుపొగ అయిదు దినములు కప్పివేసినది. నాలుగువేలమంది చనిపోయిరని తొలుత లెక్కించిరి. పిమ్మటి పరిశోధకులు పండ్రెండువేలని తేల్చిరి. శవపేటికలు చాలని ఆ వారమును చూచి ఆ దేశము నిద్రలేచినది. 1956లో స్వచ్ఛవాయు చట్టము చేసినది. మనకు చావులు ఒక వారములో వచ్చి కుప్పవడుట లేదు. అవి సంవత్సరము పొడుగున, ఇంటింట, గుండెపోటను పేరుతో, వయసు మీరినదను పేరుతో, ఒక్కొక్కటిగా వచ్చిపోవుచున్నవి. కావున నిద్రలేపు గంట మనకు మ్రోగదు. మనమే లెక్కవేసికొని లేవవలెను.

అందుచే సోదరీసోదరులారా, మిమ్ము నేను కోరునది పెద్ద వ్రతము కాదు. నేటి రాత్రి భోజనమైన పిమ్మట ఒక కాగితము తీసికొనుడు. మీ యింట ఎవరు, దినమునకు ఎన్ని గంటలు, ఏ పొగ పీల్చుచున్నారో వ్రాయుడు. మీ యింట పొగ లేదా? మీ యింటికి ఇటుక కాల్చినవాడు, మీ వీధి ఊడ్చునది, మీ పెరటిగోడ కావల నున్న పసివాడు, వారి పేర్లు వ్రాయుడు. తగ్గింపగలవానిని తగ్గింపుడు. మీ చేతిలో లేనివానిని గురించి పురపాలక సంఘమునకు మహజరు వ్రాయుడు, ఓటడుగ వచ్చినవానిని గాలి సంగతి యడుగుడు.

మా తల్లి ఊదుగొట్టము ఇప్పటికిని నా పుస్తకముల బీరువాలో నున్నది. ఒక కొన నలుపు, ఒక కొన ఆమె పెదవులచేత నునుపు. దానిని చూచినప్పుడెల్ల వైద్యునియెదుట నేను చెప్పలేకపోయిన లెక్క జ్ఞప్తికి వచ్చును. ఆ లెక్క నాకు రాక కాదు. ఏబదియైదేండ్లు ఎవరును అడుగలేదు, నేనును అడుగలేదు. మీ తల్లులు, మీ భార్యలు, మీ కోడండ్రు ఇంకను మీ కన్నులయెదుట ఊపిరి పీల్చుచున్నారు. వారి లెక్క వారుండగానే వేయుడు.